ముప్పాతిక జ్ఞానం

కిందటేడు సంక్రాంతికి మా ఇంట్లో జంతికలు కాస్త గట్టిగా వచ్చాయి. పిండిలో వెన్న తగ్గిందని మా అమ్మ అంది. పిండి మరీ గట్టిగా కలిపి ఉంటావని మా ఆడపడుచు ఊరి నుంచి ఫోన్లోనే తేల్చేసింది. తప్పు వెన్నదైనా, పిండిదైనా అనుభవించింది మాత్రం నేను. కనుమ నాటి మధ్యాహ్నం, గారెలూ పులుసూ తిన్న బరువుతో అందరూ కునుకు తీస్తుంటే, చప్పుడు కాకుండా డబ్బా మూత తీసి ఒక్క జంతిక కుడివైపు వేసుకుని కొరికానో లేదో, దవడ మూల నుంచి చెవి దాకా ఎవరో దబ్బనం దింపినట్టయింది.

సాయంత్రానికి బుగ్గ పొంగింది. రాత్రికి నోరు వేలెడు కూడా తెరుచుకోలేదు. "పోనీలే, ఓ రెండు రోజులు ఇల్లు ప్రశాంతంగా ఉంటుంది" అన్నారు మావారు. ఆయన బ్యాంకు ఉద్యోగి. లెక్కల్లో ఎంత జాగ్రత్తో మాటల్లో అంత అజాగ్రత్త.

ఆ నొప్పి నాకు కొత్త కాదు. అంతకు రెండేళ్ళ క్రితం, ఒక సీరియల్‌కి ఆఖరి భాగాలు రాసే హడావిడిలో ఉండగా, సరిగ్గా అక్కడే పోటు పెట్టింది. అప్పుడు నాలుగు మాత్రలు మింగి, ఉప్పునీళ్ళు పుక్కిలించి, తగ్గగానే మరిచిపోయాను. ఆడవాళ్ళం మన నొప్పుల్ని అలాగే కదండీ చూసేది! కుక్కర్ కూతకైనా లేచి వెళతాం గాని, ఒంట్లో మోగే కూతని పట్టించుకోం.

మర్నాడు మా వీధి చివర ఉన్న పళ్ళ డాక్టరు దగ్గరికి వెళ్ళాం. కుర్రడాక్టరు. నోట్లో దీపం వేసి చూసి, "ఇది జ్ఞానదంతం మేడమ్. సగం పైకొచ్చి ఆగిపోయింది" అన్నాడు.

"నాకు నలభై అయిదేళ్ళు బాబూ!" అన్నాను, ఆ వయసుకి జ్ఞానం రావడం అసంభవమన్నట్టు.

"ఇప్పుడొచ్చింది కాదండీ. ఏ ఇరవైల్లోనో వచ్చి ఉంటుంది. చోటు లేక అక్కడే ఇరుక్కుపోయింది" అన్నాడతను.

తర్వాత పెద్ద ఎక్స్‌రే తీశారు. ఇప్పుడు ఇవి భలేగా ఉంటున్నాయి లెండి. మనం గడ్డం ఒక పీట మీద ఆనించి నిలబడితే, యంత్రం మొహం చుట్టూ ప్రదక్షిణం చేస్తుంది. రెండు దవడలూ, పళ్ళన్నీ ఒకే బొమ్మలో బారులు తీరి కనిపిస్తాయి. ఆ బొమ్మలో మా కుడి కింది మహాతల్లి నిలబడి లేదు. ముందున్న పన్ను భుజం మీద తల వాల్చి పడుకుని ఉంది. పై రెండూ బుద్ధిగా వాటి చోట్లో అవి ఉన్నాయి. ఎడమ కిందది అసలు లేనే లేదు. కొందరికి పుట్టుకతోనే ఒకటో రెండో తక్కువుంటాయట. అది జబ్బు కాదట.

"అంటే మీ అమ్మకి జ్ఞానం ముప్పాతికే అన్నమాట" అని మా అమ్మాయితో అన్నారు మావారు. "ఆ ముప్పాతికైనా ఇరవై రెండేళ్ళ కాపురంలో నాకెక్కడా కనపళ్ళేదు. ఎక్స్‌రేలో కనపడింది."

ఈ పన్నుకి జ్ఞానదంతమనే పేరెందుకంటే, మిగతావన్నీ వచ్చేశాక, సాధారణంగా పదిహేడు, పాతికేళ్ళ మధ్య వస్తుంది కనక. అప్పటికి మనిషికి బుద్ధి వస్తుందని పెద్దల ఆశ. టర్కీ వాళ్ళు ఇన్ని మాటలు లేకుండా 'ఇరవై ఏళ్ళ పన్ను' అంటారట. కొరియా వాళ్ళు 'ప్రేమ పన్ను' అంటారట. ఆ వయసులో వచ్చేది జ్ఞానం కాదని వాళ్ళకి తెలుసు కామోసు! జపాను వాళ్ళ పేరు నాకు బాగా నచ్చింది. 'తల్లిదండ్రులకి తెలియనిది' అని దాని అర్థం. పిల్లల మొదటి పన్ను ఏనాడు తొంగిచూసిందో తల్లికి తిథి, వారాలతో సహా గుర్తుంటుంది. ఈ చివరి పన్ను ఎప్పుడొచ్చిందో ఏ తల్లికీ తెలియదు.

ఇంతకీ దీనికి చోటెందుకు చాలదంటే, పూర్వీకులు పచ్చివీ గట్టివీ నమిలే కాలంలో మనుషుల దవడలు పెద్దవిగా ఉండేవని, వండుకుని మెత్తగా తినడం మొదలయ్యాక దవడలు చిన్నవయ్యాయని, పళ్ళ లెక్క మాత్రం అదే మిగిలిందని చెబుతారు. అంటే చివరికి నేరం వంటింటిదే. ఏ నేరమైనా అక్కడికే కదా వచ్చి చేరేది!

ఇక సలహాలు. ఇంట్లో ఎవరికైనా పన్ను నొప్పి వచ్చిందని తెలిస్తే చాలు, ఊళ్ళో సగంమంది వైద్యులైపోతారు. పై వాటా ఆవిడ లవంగ నూనె సీసాతో దిగింది. (దాన్ని మాత్రం నేను వెక్కిరించను. లవంగంలో ఉండే మందునే పళ్ళ డాక్టర్లూ వాడతారు. నొప్పిని కాసేపు మొద్దుబారుస్తుంది. అయితే రోగం కుదర్చదు.) మా పిన్ని జామాకులు నమలమంది. నోరే తెరుచుకోకపోతే నమలడం ఎలాగో చెప్పలేదు. మా అత్తయ్యగారు ఊరి నుంచి ఫోను చేసి, "పై పన్ను మటుకు ముట్టుకోనివ్వకమ్మా. కంటినరం లాగేస్తుంది. చూపు పోతుంది" అన్నారు. ఈ మాట చిన్నప్పటి నుంచీ విన్నదే. మీరూ వినే ఉంటారు. నిజానికి పంటికి వచ్చే నరం వేరు, చూపుకి సంబంధించిన నరం వేరు. రెంటికీ పొత్తు లేదు. మన దేశంలో పళ్ళు పీకించుకునే వయసూ, కళ్ళజోడు వచ్చే వయసూ ఒకటే కావడంతో పాపం ఈ నింద పంటి మీద పడి ఉంటుందని నా ఊహ.

ఆ హాస్యమంతా అక్కడితో సరి. అసలు కథ కుర్రడాక్టరు బల్ల దగ్గర మొదలైంది.

"ఉన్న మూడూ తీసేద్దాం మేడమ్. ఒకటి గొడవ పెట్టింది కాబట్టి మిగతావీ ఎప్పటికైనా పెడతాయి. అన్నీ కలిపితే ఖర్చూ తగ్గుతుంది" అన్నాడు. అంతటితో ఆగలేదు. సెలవులకి వచ్చి, తోడుగా నాతో వచ్చిన మా అమ్మాయి వైపు చూశాడు. దానికి ఇరవై ఏళ్ళు. దాని నోరూ చూశాడు, దానికీ ఎక్స్‌రే తీయించాడు. దానికి నాలుగూ ఉన్నాయి. రెండు పైకొచ్చాయి, రెండు చిగురు కిందే ఉన్నాయి. నొప్పి లేదు, వాపు లేదు. "ఇప్పుడే తీయించెయ్యండి. లేకపోతే వెనక నుంచి తోసుకొచ్చి ముందు పళ్ళు వంకరపోతాయి. రేపు సంబంధాలు చూసేటప్పుడు..." అని నా మొహంలోకి చూశాడు. ఆడపిల్ల తల్లికి ఎక్కడ నొక్కితే నొప్పి పుడుతుందో పళ్ళ డాక్టర్లకీ తెలుసు.

ఇంటికొచ్చే దారిలో మావారు స్కూటరు ఆపి, చెరుకురసం బండి దగ్గర నిలబడి లెక్క వేశారు. "ఏమోయ్, మళ్ళీ మళ్ళీ ఎవరు తిరుగుతారు? ఒకేసారి తీయించేస్తే పీడా పోతుంది. నేనూ ఒక్కసారే సెలవు పెడతాను" అన్నారు.

ఆయన ఏ దురుద్దేశంతోనూ అనలేదు. కాని ఆ మాట వినగానే నా చేతిలో గ్లాసు అలాగే ఉండిపోయింది. అదే మాట, అక్షరం పొల్లు పోకుండా, నేను ఇంకొకరి నోట విన్నాను.

1995లో. నేను ఇంటరు చదువుతున్నాను. మా అమ్మకి అప్పుడు నలభై రెండేళ్ళు. చిగుళ్ళ జబ్బుతో నాలుగో, అయిదో పళ్ళు కదులుతుండేవి. అన్నం తింటూ దవడ పట్టుకునేది. మా ఊరి నుంచి పట్నానికి బస్సులో గంటన్నర. పళ్ళ డాక్టరు, కదిలేవి తీసి మిగతా వాటికి వైద్యం చేద్దాం, నాలుగైదుసార్లు రావాలి అన్నాడు. మా నాన్నగారు, "మళ్ళీ మళ్ళీ ఎవరు తిరుగుతారండీ? ఒకేసారి తీయించేస్తే పీడా పోతుంది" అన్నారు. ఆయనా చెడ్డవారు కాదు. పంటలు పోయిన ఏడు, ముగ్గురు పిల్లల చదువులు, బస్సు చార్జీలు. మూడు వారాల్లో అమ్మ నోరు ఖాళీ అయిపోయింది. ఆ తర్వాత కట్టుడు పళ్ళు వచ్చాయి. రాత్రుళ్ళు స్టీలు గ్లాసులో నీళ్ళలో ఉండేవి.

మా దొడ్లో జామచెట్టు ఉండేది. దోరకాయ కోసి, చెంగుతో తుడిచి, కరకర కొరుక్కు తినడం అమ్మకి మహా ఇష్టం. ఆ తర్వాత ఒక్కనాడూ తినలేదు. ముక్కలు కోసిస్తే, "మీరు తినండి" అనేది. నా పెళ్ళి ఫోటోల్లో అమ్మ ఒక్కదాంట్లోనూ నవ్వదు. కూతుర్ని పంపించే దిగులనుకున్నారందరూ. పళ్ళు జారతాయేమోనన్న భయమని చాలా ఏళ్ళకి నాకొక్కదానికే చెప్పింది.

అందుకని చెరుకురసం బండి దగ్గరే, "కొంచెం ఆలోచించుకోనివ్వండి" అన్నాను. మావారు వింతగా చూశారు. "పన్ను పీకించుకోడానికి ఆలోచనేమిటి?" అన్నారు. నవలలో అయితే నిండు ప్రాణమున్న మనిషిని రెండు పేజీల్లో పంపించేస్తాను. ఒక పన్ను దగ్గర ఇంత తర్జనభర్జన పడతానని నేనూ అనుకోలేదు.

మా బంధువర్గంలో ఇద్దరు కుర్రాళ్ళున్నారు. మా అక్కయ్య కొడుకు డల్లాస్‌లో, మా ఆడపడుచు కొడుకు ఇంగ్లండులో. డల్లాస్ వాడికి పద్దెనిమిదేళ్ళకే నాలుగూ తీసేశారు. "అక్కడందరూ కాలేజీకి వెళ్ళే ముందు తీయించేసుకుంటారు, అదొక తంతు. తండ్రి ఇన్స్యూరెన్సు ఉండగానే అయిపోవాలి" అంది అక్కయ్య. దానికి కారణమూ లేకపోలేదు. ఆ వయసులో పంటి వేళ్ళు పూర్తిగా ఎదిగి ఉండవు, ఎముక గట్టిపడదు, గాయం తొందరగా మానుతుంది. ఇంగ్లండు వాడు అదే వయసులో ఇరుక్కున్న పన్ను చూపించుకుంటే, "నిన్నది బాధపెట్టడం లేదు కదా? మరి దాన్ని నువ్వెందుకు బాధపెడతావు?" అన్నాడట డాక్టరు. అక్కడ నైస్ అనే ప్రభుత్వ సంస్థ, జబ్బు లేని జ్ఞానదంతాన్ని ముందుజాగ్రత్త పేరుతో తీయడం మానమని 2000లోనే చెప్పింది. ఆపరేషన్ అన్నాక ప్రమాదం కొంత ఉండనే ఉంటుంది, జబ్బు లేనప్పుడు ఆ ప్రమాదమెందుకని వాళ్ళ వాదన. చిగురు మొదటిసారి వాచినా, మరీ తీవ్రంగా ఉంటే తప్ప తీయనక్కర్లేదు, రెండోసారి వాస్తే అప్పుడు తీయడం సబబు అన్నారు. తర్వాతి ఏళ్ళలో అక్కడి డాక్టర్లే కొందరు, అలా ఉంచేసిన వాళ్ళలో కొంతమంది నడివయసులో పక్క పన్ను కూడా పుచ్చిపోయి వస్తున్నారని చెప్పారు.

ఒకే పన్ను. ఒక దేశంలో తీసెయ్, ఒక దేశంలో ఉంచెయ్. ఎవరిది సరి? కాక్రేన్ అని ఒక అంతర్జాతీయ సంస్థ ఉంది. ప్రపంచంలో జరిగిన వైద్య పరిశోధనలన్నీ జల్లెడ పట్టడం వాళ్ళ పని. 2020లో వాళ్ళు దీన్నీ జల్లించారు. ఏ బాధా, ఏ జబ్బూ లేకుండా ఇరుక్కున్న జ్ఞానదంతాన్ని తీయడం మంచిదో ఉంచడం మంచిదో తేల్చడానికి చాలినంత ఆధారం లేదన్నారు. కాబట్టి డాక్టరు తనకి తెలిసింది చెప్పాలి, రోగి మనసేమిటో కనుక్కోవాలి, ఉంచుకుంటే అప్పుడప్పుడూ చూపించుకుంటూ ఉండాలి అన్నారు.

అది చదివి నేను చాలాసేపు అలాగే కూర్చున్నాను. అంత చదువుకున్న వాళ్ళు అన్ని పుస్తకాలు తిరగేసి చివరికి తేల్చిందేమిటి? ఆ పన్ను ఎవరి నోట్లో ఉందో ఆ మనిషిని కూడా ఒక మాట అడగమని! మా అమ్మని ఎవరూ అడగలేదు. ఆవిడ నోరే కదా అని ఎవరికీ తోచలేదు.

వాపు తగ్గాక పట్నంలో డెంటల్ కాలేజీలో ఒక పెద్దావిడ, దవడ ఆపరేషన్లు చేసే డాక్టరు, ఉన్నారని తెలిసి అక్కడికి వెళ్ళాం. ఈసారి పాలలెక్క కాగితం వెనకాల నాలుగు ప్రశ్నలు రాసుకుని మరీ వెళ్ళాను. ఈ పన్ను ఉంచితే ఏమవుతుంది? తీస్తే ఏమవుతుంది? ఇప్పుడు కాకుండా ఆర్నెల్లాగితే ఏమవుతుంది? ఇది మీ పన్నయితే మీరేం చేస్తారు?

కాగితం చూసి ఆవిడ నవ్వారు. "ఇలా అడిగితే మాకు తేలికమ్మా. చాలామంది 'మీ ఇష్టం డాక్టరుగారూ' అని కళ్ళు మూసుకుంటారు" అన్నారు. తర్వాత ఎక్స్‌రే వెలుతురుకి పెట్టి ఒక్కొక్కటే చూపించారు.

పై రెండూ నిటారుగా ఉన్నాయి, శుభ్రంగా ఉన్నాయి, బ్రష్ అందుతోంది. వాటి జోలికెళ్ళే పని లేదు. కుడి కిందది వేరు. అది ముందు పన్ను మీదకి ఒరిగింది. ఆ సందులో అన్నం మెతుకు ఇరుక్కుంటుంది, బ్రష్ అందదు. పన్ను మీద సగం కప్పిన చిగురు కింద కుళ్ళు చేరి వాస్తుంది. అది రెండుసార్లయింది. పైగా పక్కనున్న మంచి పన్ను వెనకవైపు అప్పుడే పుచ్చు మొదలైంది. "ఇది ఉంచితే ఆ మంచిదీ పోతుంది. నమలడానికి పనికొచ్చేది అదమ్మా, ఇది కాదు" అన్నారు.

"మరి తీస్తే?"

ఆవిడ దాచలేదు. కింది దవడ ఎముకలో ఒక నరం నడుస్తుంది. పెదవికీ గడ్డానికీ స్పర్శ తెచ్చేది అదే. నా పంటి వేళ్ళు దానికి దగ్గరగా ఉన్నాయి. తీసేటప్పుడు అది నలిగితే పెదవి సగం తిమ్మిరెక్కుతుంది. చాలామందికి వారాల్లోనో నెలల్లోనో తగ్గుతుంది, అరుదుగా కొందరికి అలాగే ఉండిపోతుంది. ఎంత దగ్గరో తెలియడానికి ఇంకో స్కాన్ తీయాలి. నరాన్ని మరీ అంటుకుని ఉంటే, వేళ్ళు వదిలేసి పై భాగం మాత్రం కోసే పద్ధతి కూడా ఉంది. ఇరవైల్లో అయితే తేలిగ్గా అయ్యేది. నలభై దాటాక ఎముక గట్టిపడుతుంది, వాపూ నొప్పీ కాస్త ఎక్కువ, మానడం నెమ్మది. ఆర్నెల్లాగవచ్చు, కాని పుచ్చు ఆగదు.

"మీ పన్నయితే?"

"నాదైతే ఇదొక్కటీ తీయించుకుంటాను" అన్నారు.

అప్పుడు మా అమ్మాయి ఎక్స్‌రే తీశాను. ఆవిడ అది నా చేతిలోంచి తీసుకుని, నాతో కాకుండా దానితో మాట్లాడడం మొదలెట్టారు. నాకు కొంచెం చివుక్కుమన్నా, అదే సరైన పద్ధతి అనిపించింది. "నీ పళ్ళకి ఇప్పుడు జబ్బేమీ లేదమ్మా. ఇవి వెనక నుంచి తోసి ముందు పళ్ళని వంకర చేస్తాయన్నది పాతకాలం నమ్మకం. పరిశోధనల్లో రుజువు కాలేదు. జ్ఞానదంతాలు లేనివాళ్ళకీ వయసుతోపాటు కింది ముందు పళ్ళు కొంచెం ఒరుసుకుంటాయి. అయితే మీ అమ్మగారిలా నలభై అయిదులో తీయించుకోవడం కంటే, అవసరమైతే ముందు తీయించుకోవడమే నయం. కాబట్టి ఏటా ఒకసారి చూపించుకో. వాచినా, నొప్పి పెట్టినా ఆలస్యం చెయ్యకు. తీయించుకోవాలనిపిస్తే ఆ ఇష్టమూ నీదే" అన్నారు.

అది రెండు నిమిషాలు ఆలోచించి, "ఉంచుకుంటానండీ" అంది. తర్వాత గొంతు తగ్గించి, "హాస్టల్లో ఒకసారి నాలుగు రోజులు నొప్పొచ్చింది. అమ్మకి చెప్పలేదు. అప్పుడు చూపించుకోవాలా?" అంది. జపాను వాళ్ళు ఊరికే పెట్టలేదండీ ఆ పేరు! పై పన్ను వచ్చేటప్పుడు చిగురు నొప్పి అయ్యుంటుంది, వాపు లేదు కాబట్టి భయం లేదు, మళ్ళీ వస్తే రమ్మన్నారు డాక్టరుగారు. నేను దాని వైపు చూశాను. అది ఎక్స్‌రే వైపు చూసింది.

ఇంటికొచ్చి అమ్మకి అంతా చెప్పాను. అమ్మ మూడేళ్ళుగా మా దగ్గరే ఉంటోంది. చిక్కుడుకాయలు ఈనెలు తీస్తూ విని, "ఇంతకీ ఏమంటావే?" అంది.

"నువ్వేమంటావమ్మా?"

"నన్నడుగుతావేం? నాకు పళ్ళున్నాయా, పాడా" అంది. కాసేపాగి, "ఆనాడు నన్నొక్క మాట అడిగుంటే, ముందు నాలుగూ ఉంచమనేదాన్ని. డాక్టరు కాదంటే ఒప్పుకునేదాన్నే. అయినా అడిగుంటే బావుండేది" అంది. చిక్కుడుకాయల్లోంచి తల ఎత్తలేదు.

ఆ రాత్రి మావారికి అమ్మ మాట చెప్పాను, మా నాన్నగారి మాటా చెప్పాను. ఆయన చాలాసేపు మాట్లాడలేదు. పొద్దున్నే కాఫీ ఇస్తుంటే, "ఎన్నిసార్లు వెళ్ళాల్సొచ్చినా సెలవు పెడతాలే. నీకెప్పుడు వీలో చెప్పు" అన్నారు. ఆయన భాషలో అది క్షమాపణ.

మాఘమాసంలో ఒక బుధవారం ఆపరేషన్ అయింది. స్కాన్‌లో నరం దగ్గరే ఉంది కాని అంటుకుని లేదు. మెలకువగానే ఉన్నాను. సూది ఇచ్చాక నొప్పి లేదు గాని, ఎముక దగ్గర మర తిరుగుతుంటే చెవిలో పిండిమర పెట్టినట్టుంది. నలభై నిమిషాలు. పన్ను మూడు ముక్కలై వచ్చింది. మూడు కుట్లు పడ్డాయి.

మీలో ఎవరికైనా పనికొస్తుందని ఆ తర్వాతి జాగ్రత్తలు చెబుతాను. డాక్టరు పెట్టిన గాజుగుడ్డ గంటసేపు గట్టిగా కొరికి పట్టుకోవాలి. ఆ రోజంతా ఉమ్మకూడదు, పుక్కిలించకూడదు, గొట్టంతో ఏదీ పీల్చి తాగకూడదు. వేడివి తగలకూడదు. పన్ను తీసిన గుంటలో నెత్తురు గడ్డకట్టి మూతలా కాపాడుతుంది. అది ఊడిందంటే ఎముక బయటపడి మూడో రోజున చుక్కలు కనిపిస్తాయి. మొదటిరోజు బుగ్గ మీద మంచు కాపడం. మర్నాటి నుంచి గోరువెచ్చని ఉప్పునీళ్ళు, మెల్లగా. తిండికి చల్లార్చిన రాగిజావ, మజ్జిగలో పిసికిన మెత్తని అన్నం. వాపు రెండు మూడు రోజులు పెరిగి ఆ తర్వాతే తగ్గుతుంది, కంగారు పడకూడదు.

అన్నీ పాటించాను. గాయం బాగానే మానింది. పెదవి మాత్రం, డాక్టరుగారు చెప్పినట్టే, కుడివైపు సగం తిమ్మిరెక్కి ఊరుకుంది. కాఫీ తాగుతుంటే గడ్డం మీదకి కారేది, నాకు తెలిసేది కాదు. పెదవి మూల మెతుకు అంటుకుని ఉంటే అమ్మ చెంగుతో తుడిచేది, నా చిన్నప్పటిలా. ఆరు వారాలు అలాగే ఉంది. రాత్రుళ్ళు వేలితో పెదవి నొక్కుకుని చూసుకునేదాన్ని. ఇలాగే ఉండిపోతే? ఉంచుకుంటే పోయేదేమో? మంచి చేసుకున్నానా, చెడు చేసుకున్నానా?

ఒకటి మాత్రం గమనించాను. భయపడ్డాను, ఏడ్చాను కూడా. కాని ఎవర్నీ తిట్టుకోలేదు. ఇలా కావచ్చని ముందే తెలుసు, తెలిసే ఊఁ అన్నాను. ఆ ఊఁ నాది. మా అమ్మకి ముప్ఫై ఏళ్ళుగా లేనిది ఆ కాస్తే.

ఏడోవారంలో పెదవి మీద చీమలు పాకినట్టు చిమచిమలాడింది. "ప్రాణం వస్తోంది, మంచిదే" అన్నారు డాక్టరుగారు. మూడో నెల దాటేసరికి పూర్తిగా తెలిసింది. కాఫీ వేడి తెలిసిన రోజున అమ్మని కేకేసి మరీ చెప్పాను. పక్క పన్నుకి పుచ్చు తీసి సిమెంటు పెట్టారు. అది నిలిచింది. దానికోసం మావారు మళ్ళీ రెండుసార్లు సెలవు పెట్టారు, లెక్క చెప్పకుండా.

మూడు ముక్కల పన్నుని కాగితంలో చుట్టి ఇచ్చారు, అడిగితే. చిన్నప్పుడు పాలపళ్ళూడితే పేడముద్దలో పెట్టి పెంకుటింటి మీదకి విసిరేవాళ్ళం. ఇప్పుడు అయిదో అంతస్తులో ఉన్నాం. పైన వాళ్ళ ఇల్లుంది కాని మా కప్పు లేదు. ఏం చెయ్యాలో తోచక ఆ పొట్లం అమ్మకిచ్చాను. అమ్మ దాన్ని తన కట్టుడు పళ్ళ గ్లాసు పక్కన పెట్టి, "ఉండనీ. నీ పన్ను. తోచినప్పుడు చెబుదువుగాని" అంది.

ముప్పాతికలోంచి పాతిక పోయింది. ఇప్పుడు నా జ్ఞానం సగమేనని మావారు లెక్క తేల్చారు. ఏమైతేనేం, ఈ సంక్రాంతికి జంతికల పిండిలో ఎవర్నీ అడక్కుండా వెన్న రెట్టింపు వేశాను. నోట్లో వేసుకుంటే కరిగిపోయాయి. అమ్మ కూడా రెండు తింది.